టానీ హెస్టర్ ఒప్పుకోలేదు

“కాదు! కాదు!”

పాట మధ్యలో టానీ హెస్టర్ పెట్టిన కేకకి హాలు హాలంతా వెనక్కి తిరిగింది. వేదిక మీద రువాన్ వేళ్ళు గిటార్ తీగల మీదే ఆగిపోయాయి. చక్రాల కుర్చీ పక్కన కూర్చున్న బెట్సీ చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆవిడ అరిచింది అఫ్రికాన్స్‌లో. ఆ భాషలో బెట్సీకి అర్థమయ్యే మాట అదొక్కటే. న్యూజిలాండ్‌లోని టౌరంగాలో, బెట్సీ పనిచేసే వృద్ధుల రెస్ట్‌హోమ్‌లో ఆవిడను స్నానానికి తీసుకెళ్ళినప్పుడల్లా వినే మాటే. మతిమరుపు జబ్బు ఇంగ్లిష్‌ను తుడిచిపెట్టేసి, దక్షిణాఫ్రికాలో చిన్నప్పుడు మాట్లాడిన భాషను మాత్రమే ఆవిడకు మిగిల్చింది. టానీ అంటే వాళ్ళ భాషలో ఆంటీ. రెస్ట్‌హోమ్‌లో అందరికీ ఆవిడ టానీయే.

కచేరీ పెట్టించిన హెన్నీ నడుం వంచి, చప్పుడు కాకుండా కుర్చీల మధ్య నుంచి వచ్చాడు.

“బెట్సీ, ఏమీ అనుకోకు. రికార్డింగ్ నడుస్తోంది. ఈ అబ్బాయికిది మొదటి లైవ్ ఆల్బమ్. ఇక్కడున్న మావాళ్ళ గొంతులు కూడా అందులో వినబడాలని కేప్‌టౌన్ నుంచి రప్పించుకున్నాం. టానీని కాసేపు బయట కూర్చోబెడితే...”

“ఈ ఒక్క పాటా విననివ్వండి హెన్నీ. దీనికోసమే తీసుకొచ్చాను.”

అది నిజం. టానీ ఒంటి మీద నీళ్ళు పడనిచ్చేది ఈ పాట వింటేనే. ఆదివారాలు లోకల్ రేడియోలో దక్షిణాఫ్రికా వాళ్ళు నడిపే కార్యక్రమంలో విని, బెట్సీ దాన్ని అర్థం తెలియకుండానే నేర్చుకుంది. ఆ పాట రాసి పాడే కుర్రాడే ఊరికి వస్తున్నాడని తెలిసి, టానీని తీసుకెళ్ళడానికి రెస్ట్‌హోమ్ మేనేజర్‌ను బతిమాలి మరీ ఒప్పించింది. “అక్కడ గొడవ చేసిందంటే ఇక ఆవిడకు బయటికి వెళ్ళడం ఉండదు,” అని మేనేజర్ ముందే చెప్పింది.

రువాన్ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. సరిగ్గా అదే చోటుకు వచ్చేసరికి టానీ కుర్చీ చెయ్యి మీద దబదబా బాదింది.

“కాదు!”

ముందు వరసలో ఎవరో “ష్” అన్నారు. బెట్సీకి తల కొట్టేసినట్టయింది.

“వ్యాన్ గుమ్మం దగ్గరికి తేనా?” భర్త ఎలియాస్ ఆమె చెవి దగ్గర అడిగాడు.

“ఒక్క నిమిషం ఆగండి. కోపం కాదండీ అది. ఏడుస్తుంది చూడండి పెద్దావిడ. ఏదో చెప్తుంది, మనకే అర్థం కావట్లేదు.”

“అర్థం కాకపోతే మాత్రం ఏం చేస్తాం? అందరూ మనకేసే చూస్తున్నారు.”

బెట్సీ ఇక చేసేది లేక కుర్చీ బ్రేకు తీసి వెనక్కి తిప్పబోయింది. టానీ ముందున్న కుర్చీ వీపును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడిపిస్తుంటే బెట్సీకి కళ్ళ నీళ్ళు ఆగలేదు.

అప్పుడు రువాన్ గిటార్ పక్కన పెట్టి వేదిక దిగి వచ్చాడు. టానీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. ఆవిడ గబగబా చెప్పింది. అతను నోరెళ్ళబెట్టాడు.

“నేను తప్పు పాడుతున్నానట,” అన్నాడు బెట్సీతో ఇంగ్లిష్‌లో. “నేను రాసిన పాటే!”

హాల్లో చిన్న నవ్వు లేచింది. అతను మాత్రం నవ్వలేదు. మళ్ళీ టానీ వైపు తిరిగి ఇంకేదో అడిగాడు. ఎలా పాడాలో చెప్పమన్నట్టున్నాడు. టానీ మోచేత్తో బెట్సీ డొక్కలో పొడిచింది.

“అమ్మో, నేనా! నాకు రాదు,” అంది బెట్సీ. “బాత్రూంలో ఏదో కూనిరాగం తీస్తాను, అంతే.”

“పాడు బెట్సీ,” అన్నాడు ఎలియాస్. “చర్చిలో పాడట్లేదూ? అలాగే అనుకో.”

బెట్సీ టానీ చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. మొదటి రెండు పంక్తులు బాగానే వచ్చాయి. ఆ తర్వాతి మాటలకు, రేడియోలో ఎన్నిసార్లు విన్నా ఆమె నోరు తిరగలేదు. అందుకే షవర్ చప్పుడులో తెలుగులో నోటికి ఏది వస్తే అది ఆ వరసలో కలిపేసేది. ఇప్పుడూ అదే వచ్చింది.

“చెయ్యెత్తమ్మా, మా తల్లి కదూ... కళ్ళు మూసుకోమ్మా, నీళ్ళు పోస్తా...”

టానీ కుడి చెయ్యి మెల్లగా పైకి లేచింది. కళ్ళు వాటంతటవే మూతబడ్డాయి. ముఖంలో ఇందాకటి బెదురంతా పోయి, తల్లి ఒళ్ళో కూర్చున్న పసిపిల్లలా అయిపోయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. రికార్డింగ్ ఆపమనీ ఎవరూ అనలేదు. హెన్నీ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. రువాన్ గిటార్ తెప్పించుకుని, నేల మీదే కూర్చుని శ్రుతి కలిపాడు. రెండోసారికి అతనూ “చెయ్యెత్తమ్మా” అనబోయి నాలుక మడతపడి, తనలో తానే నవ్వుకున్నాడు. మూడోసారికి హాలంతా ఎవరికి వచ్చినట్టు వాళ్ళు గొంతు కలిపారు.

పాట అయ్యాక టానీ రువాన్ చెవి పట్టుకుని దగ్గరకు లాగి, వేలు ఆడిస్తూ ఏదో చెప్పింది. విన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అంతలోనే కళ్ళు తుడుచుకున్నారు.

“ఏమన్నారు? తిట్టారా?” కంగారుగా అడిగింది బెట్సీ.

రువాన్ ఆమెకేసి తిరిగి ఇంగ్లిష్‌లో చెప్పాడు.

“‘పాట ఫర్వాలేదు గానీ బాబూ, నీకు అఫ్రికాన్స్ సరిగ్గా రాదు. మా అమ్మాయి దగ్గర నేర్చుకో’ అన్నారు.”