ఖాళీ డిక్కీలు

ఆ ఉదయం ఓరిన్ హాస్కెల్ చేతిలో ఉన్న ఆస్తి ఇదీ: కొట్టం నిండా పాత మంచాలు, చదువుకునే బల్లలు, వాకిట్లో పికప్ బండి.

వెస్లిన్ ఊళ్లో కొండ మీద కాలేజీ, కొండ కింద బజారు. పైన పిల్లలుంటేనే కింద పొయ్యి వెలుగుతుంది. మే నెలలో చదువు ముగిసిన పిల్లలు మంచాలూ బల్లలూ వీధి వారన పడేసి పోతారు. మిగతావాళ్లు తమ సామాన్లు కాలేజీ నేలమాళిగలో దాచుకుని వేసవికి ఇళ్లకు వెళతారు. పడేసినవాటిని ఓరిన్ ఏరుకొచ్చి, మేకులు కొట్టి, రంగు వేసి, ఆగస్టులో కొత్త పిల్లలకు అమ్ముతాడు. ఏ ఏటి సరుకో తెలియాలని ఏడాదికో రంగు. నిరుడు ఆకుపచ్చ, ఈ ఏడు నీలం.

"ఊరికే వచ్చిన సరుకే అసలు లాభం" అంటుంటాడు.

ఈసారి ఊరికే వచ్చిన సరుకు ఊరికే పడి ఉంటుందేమోనని అతని భయం. వసంతంలోనే కొండ మీద ఒక హాస్టలుకు తాళం పడింది. బజార్లో రొట్టెల దుకాణం ఎత్తేశారు. ఈ ఏడు పిల్లలే రారని పుకారు లేచింది. కాలేజీవాళ్లను అడిగితే అంతా బాగానే ఉందన్నారు. కొండ మీది కబురు ఊళ్లోకి ఎప్పుడూ ఆఖరునే దిగుతుంది.

"పిల్లలు కాలేజీలో చేరే రోజు కదా, ఒక్క కారూ రాలేదేం?" గుమ్మంలోంచి అడిగింది భార్య నెట్టీ.

"పొద్దెక్కనీ."

"నిరుడు ఈపాటికి రోడ్డు దాటడానికే సందు లేదు. ఆ టోకు వ్యాపారి మొత్తం ఎత్తుకెళతానన్నప్పుడు ఇచ్చెయ్యమన్నానా లేదా?"

"సగం ధరకా? నా చేత్తో రంగేసిన మంచాలవి!"

"సరే, ఆ రంగే తిని బతుకుదాం" అని నెట్టీ లోపలికి పోయింది.

ఓరిన్ కాఫీ కప్పు పట్టుకుని వంతెన వైపే చూస్తున్నాడు. కాఫీ చల్లారింది. తాగాలనిపించలేదు, పారబొయ్యాలనీ అనిపించలేదు.

అప్పుడు వంతెన మీద ఒక కారు కనిపించింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక బారు.

"వచ్చారే నెట్టీ! వచ్చారు!"

కార్లు దుకాణం ముందునుంచి కొండ ఎక్కుతున్నాయి. ఓరిన్ చూపు మనుషుల మీద లేదు, డిక్కీల మీద ఉంది. ఇంటినుంచి అన్నీ మోసుకొచ్చినవాడు ఇక్కడేం కొంటాడు? ఖాళీ డిక్కీయే అతని పాలిట లక్ష్మి. ఇవాళ బరువుకు వెనక కుంగిన కారు ఒక్కటీ లేదు, అన్నీ ఖాళీ డిక్కీలే. కొందరైతే వెనక ఖాళీ ట్రైలరు కూడా తగిలించుకొచ్చారు. ఇంత మంచి బేరం రోజు తన జన్మలో చూడలేదు.

ఎదుటి దుకాణం వెర్న్ టాలివర్ రోడ్డు దాటి వచ్చాడు. పిల్లల గదుల్లో పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌లు అమ్ముతాడతను. అతని భార్య కొరీన్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది.

"ఏమోయ్ చెక్కముక్కల రాజా, మొహం వెలిగిపోతోంది!"

"నీదే పీక్కుపోయిందేమోయ్, మంచుపెట్టెల దొరా?"

"నిద్ర లేదు. పిల్లల ఇళ్లకు ఫోన్లు చేసీ చేసీ కొరీన్ గొంతు పోయింది. ఒక్క ఇల్లు వదల్లేదు."

"పిలిచి మరీ రప్పించారన్నమాట! ఇంకేం, ఉత్త పుకారుకు చచ్చేంత బెంగపడ్డాను. మీ ఆవిడేమంటోంది దాని గురించి?"

వెర్న్ కొండెక్కుతున్న కార్ల వైపు చెయ్యి చూపాడు. "కొరీన్‌ని అడగడమెందుకు? నీ కళ్లెదురుగా లేవూ?"

ఓరిన్ ఊపిరి తేలికపడింది.

"ఓ మాట, ఓరిన్. నాకిక ఈ వ్యాపారం చాలు. ఇండియానాలో మరదలి ఊరికి పోదామంటోంది కొరీన్. నా ఫ్రిజ్‌లన్నీ నువ్వు తీసుకో, నీ పికప్ నాకియ్యి."

"ఇవాళా?"

"ఇప్పుడే."

ఓరిన్ మనసు చకచకా లెక్క కట్టింది. మంచంతో పాటు ఫ్రిజ్ కూడా ఒకేచోట దొరికితే ఇంకో దుకాణం గడప ఎవడు తొక్కుతాడు? పికప్‌తో పని మళ్లీ మే నెలలోనేగా.

"నీ తోపుడు బండి కూడా ఇస్తేనే."

"తీసుకో."

బేరమాడకుండా వెర్న్ ఒప్పుకోవడం ఓరిన్ ఎరగడు. గుండె ఓసారి కలుక్కుమంది. ఇంతలో ఇంకో ఖాళీ ట్రైలరు పోయింది. కలుక్కు కాస్తా సర్దుకుంది.

నెట్టీ అతన్ని పక్కకు లాగింది. "పంట చేతికొచ్చే రోజున పొలం వదిలి పోయేవాడుంటాడా?"

"అలాంటి వెర్రివాళ్లుంటేనే మనం బాగుపడేది."

తాళంచెవులు చేతులు మారాయి. వెర్న్, కొరీన్ తమ బట్టల పెట్టెలన్నీ పికప్‌లో వేసుకున్నారు. "మంచివాడివోయ్ ఓరిన్" అన్నాడు వెర్న్, స్టీరింగు వైపు చూస్తూ. పికప్ వంతెన దాటిపోయింది.

ఓరిన్ నీలం మంచాల పక్కన తెల్లటి ఫ్రిజ్‌లు పేర్చుకుని నిలబడ్డాడు. కొండ దిగిన మొదటి కారు దుకాణం పక్కన ఆగింది. ఒకావిడ దిగి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏటా ఇంతే, పిల్లల్ని దింపి తల్లులు ఏడుస్తూ దిగుతారు. అందుకే బల్ల మీద కాగితపు రుమాళ్ల పెట్టె ఉంచుతాడు. అది ఆమె ముందుకు జరిపాడు.

"బెంగపడకండమ్మా, నవంబరు సెలవులకు పిల్లలు వచ్చేస్తారుగా. ఏమియ్యమంటారు? మంచం తీసుకుంటే ఫ్రిజ్ ధర తగ్గిస్తాను."

ఆమె తల అడ్డంగా ఊపి, తన కారు వైపు చూపించింది. ముందు సీట్లో ఓ అమ్మాయి కిటికీకి తల ఆనించి కూర్చుంది. కారు మీద తాళ్లతో కట్టిన ఆకుపచ్చ మంచం.

"కాలేజీ మూసేశారు, సామాన్లు తీసుకుపొమ్మన్నారుగా. ఇది మీరు ఊరికే తీసుకోండి" అంది.