ఉసిరికాయంత మన్ను

సంచిలో ముందుగా రెండు కిలోల పెరటి మన్ను సర్దాను, పైన చీరలు. సముద్రంలోకి కుంగిపోతున్న ఆ దీవికి ప్రతి యాత్రికుడూ అంత మన్ను తేవాలి. తిరిగి వెళ్లేటప్పుడు అక్కడి ఇసుక రేణువైనా పట్టుకుపోకూడదు.

తమ్ముడి సమాధి చూసి తిరిగొస్తుంటే కస్టమ్స్ పిల్ల నా పాదాలు కడిగి, గోళ్లు దులిపి, గుప్పిట విప్పించింది. అందులో సమాధి మీది ఉసిరికాయంత మట్టి.

"అది ఇక్కడ పెట్టెయ్యండి, మామ్మా," అంది, ఆమె మాటను తెలుగు చేసే యంత్రం.

"మా మన్ను పుచ్చుకున్నారు. మా తమ్ముణ్ణీ ఉంచేసుకున్నారు. ఇదీ ఇవ్వరేటి?"

"రూలు, మామ్మా."

నోట్లో వేసుకుని, వాళ్ల మంచినీళ్లతోనే మింగేశాను.

"ఇప్పుడు తియ్యే, సూస్తాను!"

ఆమె తలవంచుకుని నా పాస్‌పోర్టు మీద ముద్ర వేసింది.

తమ్ముడు సింహాద్రి ఆ దీవికి సముద్రపు గోడ కట్టడానికి వెళ్లాడు. 2051 జూలైలో గోడ కూలింది. వాడు ఇంటికి రాలేదు.