గుమ్మడికాయ పొట్ట అక్షరాలు

ఆ రోజు వీధిలో మంచం మీద నాయనమ్మ, వంటింట్లో అమ్మ, కుర్చీలో అక్షరాల ఆఫీసరమ్మ, స్తంభం వెనక ఇందుమతి ఉన్నారు.

ఊళ్లో తలుపులన్నీ రాత నేర్చిన కాలం అది. ఇంటివాళ్లు వీధికి చెప్పదలచిన మాట, తలుపు మూయగానే దాని మీద కనిపించేది. కానీ ఆ అక్షరాలు వెంట్రుకల్లా సన్నం. అవి కంటికి ఆనక నాయనమ్మ, చావు జరిగిన ఇంటికెళ్లి పెళ్లెప్పుడని అడిగొచ్చింది. అందుకే ఇందుమతి డైరీ నిండా కొత్త అక్షరాలు గీసింది. పొట్ట గుమ్మడికాయంత లావు, తోక చీపురుపుల్లంత సన్నం. పేరు రాయకుండానే అక్షరాల ఆఫీసుకు పంపింది.

"ఈ ఇంటినుంచే వచ్చాయి. గీసిందెవరో చెబితే ఊరంతా ఇవే పెడతాం. లేదంటే పాతవే," అంది ఆఫీసరమ్మ.

ఆఫీసరమ్మ వస్తోందని తెలిసి ఇందుమతి జవాబును పొద్దున్నే తన అక్షరాల్లో తలుపుకు ఎక్కించి ఉంచింది. స్తంభం చాటునుంచే వేలితో తలుపు చూపించింది.

"ఇంటికొచ్చినమ్మకి తలుపు సూపిస్తావేటే!" అమ్మ అరిచింది.

ఆఫీసరమ్మ విసురుగా లేచి, గుమ్మం దాటి, ఇందుమతి మొహం మీదే దబ్బున తలుపేసింది.

వీధిలో నాయనమ్మ గొంతు ఖంగుమంది: "'ఇవి గీసింది నేనే, ఇందుమతి.' ఓలమ్మో, మంచం దిగకుండా సదివీసేనే!"