పైమెట్టు

"రిపోర్టులన్నీ బాగున్నాయి. నరాల్లో లోపం లేదు, రక్తంలో లేదు," అన్నారు డాక్టరు గారు.

నాకు ఒళ్లు మండింది. "మరి సాయంత్రానికి భుజం ఎందుకు పడిపోతోందండీ? చొక్కా గుండీ పెట్టుకోడానికి వేళ్లెందుకు రావట్లేదు?"

"మా అన్నయ్య ముసలాడైపోయాడండీ, అంతే," అని వెనక నిలబడ్డ తమ్ముడు నవ్వాడు. పనిలోంచి నేరుగా వచ్చాం. వాడింకా గ్లౌజులు కూడా తీయలేదు.

నాకు నవ్వు రాలేదు. కిటికీ అద్దాలు మోసేవాడికి చేతిలో పట్టు పోతే ఇంకేముంది?

"ఎంత బరువు మోస్తారు?"

"ఎంతైనా నాది సగమేనండీ. ఆ కొస వీడు, ఈ కొస నేను."

"మెట్లెక్కేటప్పుడో?"

"కిందున్నవాడి మీదే బరువంతా పడుతుంది. అందుకే మార్చుకుంటాం."

అన్నాక గుర్తొచ్చింది. ఈమధ్య పైమెట్టు ఎప్పుడూ వాడిదే. బద్ధకమనుకుని తిట్టాను కూడా.

డాక్టరు గారు గోడవారనున్న బల్లను ఇద్దరినీ ఎత్తమన్నారు. ఎత్తగానే నా భుజం లాగేసింది. చూస్తే, తమ్ముడు బల్లను వేళ్లతో పట్టుకోలేదు. మోచేతులు కింద పెట్టి ఆపుతున్నాడు.

"దించండి. మీ చేతికి ఏ జబ్బూ లేదు. రెండు కొసలూ మీరే మోస్తున్నారు," అని డాక్టరు గారు కుర్చీని వాడి వైపు తిప్పారు. "మీరు కూర్చోండి. ఆ గ్లౌజులు తీయండి."

"అన్నయ్యా, ఇంటికెళ్దాం పద," అన్నాడు తమ్ముడు.

గ్లౌజు నేనే లాగాను. బొటనవేలి పక్కన కండ ఉండాల్సిన చోట గుంట ఉంది.