ఉలవకట్టె పరీక్ష

డ్రైవరు లేని కారు త్రిపురాంతకం రోడ్డు మీద కోసి నూర్పిడికి పరిచిన ఉలవకట్టె ముందర ఆగిపోయింది. దాని వెనక నా ఆటో.

"ఏందమ్మా, నీ కారుకు ఉలవచారు పడదా?"

ల్యాప్‌టాప్ పట్టుకొని ఇందు కారు దిగింది. ఆ కారుకు మన రోడ్లు నేర్పే పని ఈ పిల్లది.

"కట్టెను చూసి అడ్డమనుకుంటాంది బాబాయ్. ఇయ్యాల కూడా ఫెయిలని రాస్తే ఈ పరీక్షలు ఆపేస్తారు."

"అడ్డమేంది? బండ్లు తొక్కాలనే పరిచేది. తొక్కితేనే గింజ రాలేది."

చేలోంచి శ్రీశైలమ్మ వదిన కేకేసింది. "మబ్బు పట్టింది మరిదీ, తొందరగా తొక్కించు."

"చూడమ్మా, ఎట్ల తొక్కాలో నీ కారుకు నేను నేర్పిస్తా." కారు పక్కనుంచి ఆటోను ముందుకు తెచ్చి హారన్ కొట్టినా.

కట్టె కదిలింది. అందులోంచి వదిన మేకపిల్ల ఒళ్ళు దులుపుకుంటా లేచి, చేలోకి పరిగెత్తింది.

కారు దానంతట అదే కదిలి, మెల్లగా కట్టె తొక్కుకుంటా పోయింది. కాయలు పటపటమని పగిలినాయి.

పొద్దున్నించి ఆ కట్టె మీద మూడుసార్లు తిరిగినా. ఒక్కసారన్నా దిగి చూసినోణ్ణి కాదు.

"ఫెయిలని రాసినావా అమ్మా?"

"ఇంకా లేదు బాబాయ్."

"ఆడ నా పేరు రాసుకో."