చావు పద్యానికి వన్స్ మోర్

ఇప్పుడు ఏ ఆసుపత్రి మంచమైనా రోగి ఆఖరి ఘడియల్ని పట్టి దాస్తుంది. అయినవాళ్లు అడిగితే చాలు, మనిషిని వెలుగుబొమ్మగా లేపి మళ్లీ చూపిస్తుంది.

మాణిక్యం మొగుడు నూకరాజు పద్యనాటకాల్లో వెయ్యిసార్లు చచ్చినవాడు. జనం "వన్స్ మోర్" అని అరిస్తే శవం లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేది.

ఈసారి నిజం చావే. అయినా పద్యం వదల్లేదు. రాగం తీస్తూనే తల వాల్చేశాడు.

"వన్స్ మోర్!" అంది మాణిక్యం, నలభై ఏళ్ల అలవాటుకొద్దీ.

వెంటనే వెలుగుబొమ్మ లేచి పద్యం అందుకుంది.

"నిన్నెవరడిగారు? నేనడిగింది ఆయన్ని!" అని మంచాన్ని కసిరి, ప్లగ్గు పీకేసి, మొగుడి మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఒక్క కేకకే లేచే మనిషి కాదు. ఎప్పుడూ కాస్త బెట్టు చేసేవాడు.