రెండోసారి రక్తం

"పాపతో సూది గదిలోకి రాకూడదమ్మా. ఎవరికైనా ఇచ్చి రండి" అంది రక్తం తీసే అమ్మాయి.

ఎవరున్నారు ఇవ్వడానికి? భర్త లారీ తోలుకుంటూ ఎక్కడో దూరాన ఉన్నాడు.

బెంచీ మీద శాలువా కప్పుకున్న పెద్దావిడ ఒక్కతే ఉంది.

"ఇలా ఇవ్వమ్మా" అని చేతులు చాచింది.

తల్లి పాపని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆస్పత్రుల్లో పిల్లల్ని ఎత్తుకుపోతారని విన్నది. అయినా తప్పక ఇచ్చింది.

తన గుండె కవాటం ఇరుకైందని పొద్దున్నే చెప్పాడు డాక్టరు. "గుండె కండరం దెబ్బతింటే రక్తంలో ట్రోపోనిన్ పెరుగుతుంది. మీకు కొంచెం ఉంది. రెండోసారీ అంతే ఉంటే ఇంటికెళ్ళొచ్చు. పెరిగితే ఇవాళే ఆపరేషన్."

ఇంకా పాలు మానని పిల్ల. తనకేమైనా అయితే?

తలుపు తీసి ఉంచమని, బెంచీ వైపే కళ్ళప్పగించి రక్తమిచ్చింది.

తిరిగొచ్చేసరికి పాప ఆవిడ భుజమ్మీద చొంగ కారుస్తూ నిద్రపోతోంది.

లాక్కున్నట్టే తీసుకుని, పాప మెడలో గొలుసు తడిమి చూసుకుంది.

ఆవిడ నవ్వేసింది. "ఉందా తల్లీ? నేనేం మింగలేదులే."

తల్లి తల దించుకుంది.

"బెంగపడకు. నీది పెరగదు."

"మీకెలా తెలుసండీ?"

"ఒకే పూట ఇద్దరికీ పెరుగుతుందా ఏంటి!"

ఆ మాట తల్లికి అర్థం కాలేదు.

"నర్సు వచ్చేదాకా నా పక్కన కూర్చోరాదూ?" అంది ఆవిడ.

"పాపకి పాలివ్వాలండీ" అని తల్లి దూరంగా మూల కుర్చీలోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి చూస్తే బెంచీ ఖాళీ.

సాయంత్రానికి కబురొచ్చింది. ట్రోపోనిన్ పొద్దున ఉన్నంతే ఉంది. ఇంటికెళ్ళొచ్చు.

పాపని ముద్దులతో ముంచెత్తి, సంచీ సర్దుకుని మెట్ల దాకా వచ్చింది.

"ఆగండమ్మా! మీకోసమే వెతుకుతున్నా" అంటూ నర్సు వెనకే వచ్చింది. "మీ అమ్మగారికి రెండోసారి రక్తంలో ట్రోపోనిన్ బాగా పెరిగింది. ఆగే వీల్లేక ఆపరేషన్‌కి తీసుకెళ్ళాం. మధ్యలోనే గుండె ఆగిపోయింది."

"మా అమ్మా? ఎవరు?"

నర్సు మడిచిన శాలువా అందించింది. భుజం దగ్గర చొంగ ఎండిన మరక.

"లోపలికి తీసుకెళ్తూ, మీవాళ్ళెవరూ రాలేదా అని అడిగాను. 'ఎందుకు రాలేదూ, నా కూతురు అదిగో, ఆ మూలన పిల్లకి పాలిస్తోంది, కదిలించకండి' అన్నారు."